ఏడువందల ఇరవై వీపులు

ఫ్రిజ్ ఎంత అని అడిగితే మా అక్క నలభై వీపులంటుంది. గొడుగు ముప్పావు వీపు. పోయిన నెల మా ఆవిడ కొనుక్కున్న చెప్పులు రెండు వీపులని తేల్చి చెప్పేసరికి, ఆవిడకు వాటిని తొడుక్కోవడానికి మనసొప్పక రెండు రోజులు గూట్లో పెట్టి చూసుకుంది. ఒక మనిషిని బల్ల మీద పడుకోబెట్టి గంటసేపు ఒళ్ళు పడితే వచ్చే డబ్బు ఒక వీపు. అంతకు మించిన ఆర్థికశాస్త్రం మా అక్కకు తెలియదు. నాకు తెలుసు. చిక్కంతా అక్కడే వచ్చింది.

నేను పార్సిల్ ఆఫీసులో గుమస్తాను. మూటలు తూచడం, బరువు రాయడం, బిల్లు వేయడం నా పని. పదిహేనేళ్ళలో ఒక్క బిల్లు కూడా తప్పు పోలేదని మా మేనేజరు ఒకసారి నలుగురిలో అన్నాడు. ఆ నలుగురిలో ఇద్దరు ఇప్పటికీ ఆఫీసులోనే ఉన్నారు, కావాలంటే అడగొచ్చు. మా ఇళ్ళల్లో ఎవరికి ఏ లెక్క కావలసి వచ్చినా నా దగ్గరికే వస్తారు. రాకపోతే నేనే వెళ్తాను.

అక్క నాకంటే ఆరేళ్ళు పెద్ద, జానెడున్నర పొట్టి. పందొమ్మిదేళ్ళు లాండ్రీలో ఇస్త్రీ చేసింది. ఒకరోజు ఒక బస్సు కండక్టరు చొక్కాల కోసం వచ్చాడు. మెడ పట్టేసి, పక్కకు చూడాలంటే ఒళ్ళంతా తిప్పాల్సిన స్థితిలో ఉన్నాడట. అక్క ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, ఆయన్ని బట్టల మూట మీద కూర్చోబెట్టి, పది నిమిషాలు మెడా భుజాలూ పట్టింది. ఆయన మెడ ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, ఆ సంబరంలో చొక్కాలు కౌంటరు మీదే వదిలేసి వెళ్ళిపోయాడు. మర్నాడు వాటికోసం వచ్చినప్పుడు ఇంకో రెండు మెడల్ని వెంటబెట్టుకొచ్చాడు. నీ చేతిలో ఏదో ఉందమ్మా అన్నారట ముగ్గురూ. పందొమ్మిదేళ్ళుగా ఆ చేతిలో ఇస్త్రీ పెట్టె తప్ప ఇంకేమీ లేదనుకున్న మా అక్కకు ఆ మాటతో కంటిమీద కునుకు లేకుండా పోయింది.

మార్కెట్ వెనక ఒక మేడ మీద ఒళ్ళు పట్టే విద్య నేర్పే బడి ఉంది. ఎనిమిది నెలలు, సాయంత్రం తరగతులు, చివర్లో పరీక్ష, సర్టిఫికెట్. అక్క వెళ్ళి ఫీజు చూసి మెట్లు దిగి వచ్చేసింది. కిందికొచ్చాక మళ్ళీ ఎక్కింది. అలా మూడుసార్లు ఎక్కి దిగి, కాళ్ళు పీకుతుండగా నా దగ్గరికొచ్చింది.

"అప్పు చేసి చేరమంటావా, వద్దంటావా? నీ లెక్క ఏం చెప్తే అదే" అంది.

ఇంతకంటే నాకేం కావాలి. మా ఉద్యోగుల సొసైటీ చదువులకు అప్పిస్తుంది. సభ్యుడు జామీను ఉంటే అతని తోబుట్టువులకూ ఇస్తుంది. ఫీజు, బల్ల, లైసెన్సు, వడ్డీ అన్నీ కలిపితే ఏడువందల ఇరవై వీపులు తేలింది. నెలకు అరవై చొప్పున పన్నెండు వాయిదాలు, మొదటిది సర్టిఫికెట్ చేతికొచ్చిన మూడు నెలలకు. ఆదివారం అక్క ఇంటికి వెళ్ళి, ముందు గదిలో కూర్చుని, పార్సిల్ ఫారం తిరగేసి లెక్క మొదలుపెట్టాను. రోజుకు ఎనిమిదిమంది, నెలకు పాతిక రోజులు, రెండు వందల వీపులు. లాండ్రీ జీతం నెలకు ముప్పై వీపులతో సమానం, అది ఇంటికి పక్కన పెట్టాలి. మిగిలేది నూట డెబ్భై. భాగించి చూసి, "నాలుగు నెలల ఆరు రోజుల్లో అప్పు తీరిపోతుంది" అన్నాను. ఆ ఆరు రోజులు అనేటప్పుడు నా గొంతులో పలికిన దర్జా ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

మా బావది రాత్రి కాపలా ఉద్యోగం, పగలు నిద్ర. లోపలి గదిలో దుప్పటి కిందనుంచి ఆయన గొంతు వినిపించింది. రోజుకు ఎనిమిదిమందా, అవి చేతులా రోడ్డు రోలరా అని అడిగాడు. మీరు పడుకోండి బావా అన్నాను. పడుకున్నాడు.

అప్పుడు అక్క నా పక్కన కూర్చుని, మెల్లగానే అయినా గట్టిగా చెప్పింది. "జామీను సంతకం పెట్టు. కానీ ఒకటి విను. నీ జీతంలోంచి చిల్లిగవ్వ కోత పడినా, ఆ రోజే బల్ల అమ్మేసి లాండ్రీకి పోతా. జన్మలో మళ్ళీ ఈ ఊసెత్తను."

మా అక్క ఒట్లు పెట్టుకునే మనిషి కాదు. అన్నదంటే అన్నట్టే. నేను సొసైటీకి వెళ్ళి జామీను కాగితం మీద సంతకం పెట్టాను. బయటికొస్తుంటే కుడి భుజం కాస్త పట్టినట్టయింది. అక్కడి బల్ల సరిగ్గా లేదు, వంగి రాయాల్సి వచ్చింది అనుకున్నాను.

ఆ ఎనిమిది నెలలూ మా వీధిలో ఒళ్ళు నొప్పి అన్న మాట వినపడలేదు. నూటయాభై సార్లు ఒళ్ళు పట్టి, ప్రతిసారీ పుస్తకంలో వాళ్ళచేత సంతకం చేయించుకు రావాలని బడిలో నియమం. అక్క కనపడిన ప్రతివాడి వీపునూ ఆబగా చూసేది. మీటరు రీడింగుకు వచ్చే అతను ఒక నెలలో నాలుగుసార్లు వచ్చాడు. మా ఆవిడ పదకొండు సంతకాలు పెట్టింది. పన్నెండోది చూసి, ఎప్పుడూ ఇదే వీపేనా అని అక్కడి టీచరమ్మ కొట్టేసింది. అక్క పొద్దున్నే పళ్ళు తోముకుంటూ ఎముకల పేర్లు వల్లెవేసేది, అవి విని విని బావ నిద్రలో వెన్నుపూసలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

ఆ పుస్తకంలో నా సంతకం మాత్రం లేదు. ఆఫీసు పని అన్నాను, జలుబన్నాను, మగాడు అక్కచేత ఒళ్ళు పట్టించుకోవడమేంటన్నాను. అసలు సంగతి వేరే. నాకు చక్కిలిగిలి. మామూలుది కాదు. దర్జీ టేపు పట్టుకుని దగ్గరికొస్తేనే నేను మెలికలు తిరిగిపోతాను. అందుకే నా చొక్కాలన్నీ అంచనా మీద కుట్టినవి. ఈ వయసులో, ఇంత లెక్కల మనిషిని, ఈ విషయం ఎవరికి చెప్పుకోను?

పరీక్ష రోజులు దగ్గర పడ్డాయి. బజార్లో ఎత్తు పెంచుకుని దించుకునే బల్ల ఎనభై వీపులు. నా లెక్కలో బల్లకు వేసింది ఇరవై. లెక్క తప్పకూడదు కాబట్టి నేను సరాసరి వడ్రంగి దగ్గరికెళ్ళాను. ఎత్తెంత అని అడిగాడు. కొలిపించడానికి అక్క వెంట లేదు, ఆ రోజు పరీక్ష రాస్తోంది. నేను నిటారుగా నిలబడి, దర్జాగా నా నడుం దగ్గర చెయ్యి పెట్టి ఇక్కడికి అని చూపించాను. ఆయన గీత గీసుకున్నాడు. గట్టి చెక్క, మంచి పాలిష్, ముఖం పెట్టుకోవడానికి గుండ్రటి కంత, కంత చుట్టూ మెత్తటి స్పాంజి. పార్సిల్ బండి మీద వేసుకుని నేనే తోసుకొచ్చాను. అక్క బల్ల చుట్టూ తిరిగింది, పాలిష్ నిమిరింది, దాని పక్కన నిలబడి అంచు మీద చెయ్యి వేసి చూసుకుంది. తరవాత ఎంత బాగుందిరా అంది. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది.

ముందు గదిలో బల్ల వేశాం. అడ్డంగా కర్టెన్ కట్టాం. గోడకు సర్టిఫికెట్, దాని పక్కన నేను రాసిన రేటు బోర్డు. లోపలి గదిలో బావ గురక. ఇలా గురకపెడితే వ్యాపారం మునుగుతుందని నేను గోలపెట్టాను గానీ, వచ్చినవాళ్ళు ఆ గురక వింటూ అయిదు నిమిషాల్లో నిద్రలోకి జారుకునేవారు. ఒకరోజు బావ పని మీద బయటికి వెళ్తే, అన్నయ్య లేడా, ఇవాళ ఒళ్ళు సరిగ్గా వదల్లేదమ్మా అని ఒకాయన చిన్నబుచ్చుకున్నాడు.

వీధివాళ్ళు మాత్రం బోర్డు చూసి నిర్ఘాంతపోయారు. మాకు కూడానా అన్నారు. ఎనిమిది నెలలు ఊరికే పట్టించుకున్న వీపులు ఒక్కసారిగా మాయమయ్యాయి. ఆదుకున్నది ఆ పాత కండక్టరే. బస్సు డిపోలో ఆయన చేసిన ప్రచారానికి డ్రైవర్లు వరస కట్టారు. మొత్తం డిపోకి మా అక్క వీపులక్క అయిపోయింది. ఎవరు ఏ రూట్లో తిరుగుతారో వాళ్ళ నడుం పట్టి చూసి చెప్పేది. గుంతల రోడ్డు డ్రైవరుకు ఎడమ పక్క రాయిలా ఉంటుందట.

మొదటి తొమ్మిది రోజులు, రోజుకు ఎనిమిదిమంది. నేను రోజూ సాయంత్రం వచ్చి నా పార్సిల్ ఫారం తీసి సరిచూసుకుని గాల్లో తేలుతూ ఇంటికి పోయేవాణ్ణి. పదో రోజు పొద్దున అక్క కుళాయి తిప్పలేకపోయింది. బొటనవేళ్ళు రెండూ వాచి, మునివేళ్ళతో గిన్నె పట్టుకోవడమే కష్టమైంది. వారం రోజులు కట్లు. ఆ తరవాత రోజుకు ముగ్గురు, అంతకు మించితే వేళ్ళు మొరాయించేవి.

అప్పుడు అక్క నా ఫారం పక్కన పెట్టి తన లెక్క తను చేసింది. నూనె రాయలేదేంరా అంది. రోజూ ఉతికే దుప్పట్లకు సబ్బు రాయలేదేం అంది. నాలుగు వీపుల్లో ఒకటి వాటికే పోతోంది. అప్పుకు అరవై, ఇంటికి ముప్పై, మొత్తం తొంభై మిగలాలంటే నెలకు నూట ఇరవై పట్టాలి. అంటే రోజుకు అయిదు. అయిదు పడితే చేసిన అప్పుకు చదివిన చదువు గిట్టినట్టు. మూడైతే ఖర్చులూ ఇల్లూ పోగా నెలకు మిగిలేది ఇరవయ్యారు. అరవయ్యెక్కడ, ఇరవయ్యారెక్కడ. నేను బుర్ర గోక్కుని, మూడుకీ అయిదుకీ మధ్య ఉన్నది రెండే కదా అన్నాను. ఆ రెండూ నీ వేళ్ళతో పట్టు చూద్దాం అంది అక్క.

టీచరమ్మ దగ్గరికి వెళ్ళి అడిగొచ్చాను. వేళ్ళతో కాదు, ఒంటి బరువుతో పట్టాలని మొదటి రోజే చెప్పానంది ఆవిడ. ఆ మాట మోసుకొచ్చి అక్కకు చెబితే, తెలుసు అంది. ఇంకేదో అనబోయి బల్ల వంక చూసి మానేసింది. నాకది అప్పుడు అర్థం కాలేదు. రెండో నెలాఖరుకు లాండ్రీ యజమాని కబురు పంపాడు. నీ చోటు ఖాళీగానే ఉంది, ఎప్పుడొస్తావని. మొదటి వాయిదా చూస్తాను, కట్టగలిగితే ఉంటాను, కట్టలేకపోతే మర్నాడే వస్తాను అని అక్క బదులు పంపింది. ఆ వాయిదాకు ఇంకా నెల రోజులుంది. నాకు తిండి సయించడం మానేసింది.

మూడో నెల రెండో వారంలో ఒక శనివారం వడ్రంగి వచ్చాడు. రంపం లాగీ లాగీ భుజం పట్టేసిందట. నేను కర్టెన్ ఇవతల కుర్చీలో కూర్చుని వాయిదా గురించి దిగులుపడుతున్నాను. పది నిమిషాలయ్యాక, బల్ల అడుగునుంచి ఆయన గొంతు వినిపించింది.

"అమ్మా, నీ మడమలు నేలకు ఆనట్లేదేంటి?"

 కాసేపటికి కర్టెన్ పక్కకు జరిగింది. వడ్రంగి ఒళ్ళంతా నూనెతో, దుప్పటి చుట్టుకుని, నా ముందుకొచ్చి నిలబడ్డాడు. "సార్, ఆ రోజు మీరు చెప్పిన ఎత్తు ఎవరిది?" అన్నాడు.

"నాది" అన్నాను. అన్నాక, అక్క వంక చూశాను. అక్క బల్ల వంక చూసింది. బల్ల ఆమె పక్కటెముకల దాకా ఉంది.

జరిగింది ఇదీ. ఒంటి బరువు వాలాలంటే మనిషి బల్ల మీదికి వంగగలగాలి. మా అక్క ఆ బల్ల మీదికి వంగడం కాదు, ఎగబాకాలి. అందుకని రెండు నెలలుగా మునివేళ్ళ మీద లేచి, బరువు వెయ్యడం కుదరక, ఉన్న బలమంతా బొటనవేళ్ళలోంచి తోస్తోంది. పీట వేసుకుని చూసిందట, నూనెకి జారి పడిందట. కంతలోంచి కిందికి చూసే డ్రైవర్లందరికీ ఆ మునివేళ్ళు రోజూ కనపడుతూనే ఉన్నాయి. కానీ వాళ్ళు అది ఆ విద్యలో ఒక భాగమనుకున్నారు. ఒక డ్రైవరైతే అసలు కిటుకు అదేనని ఇంట్లో చెప్పాడట. పాపం ఆయన భార్య వారం రోజులుగా మునివేళ్ళ మీద నిలబడి మొగుడికి ఒళ్ళు పడుతోంది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"ముచ్చటపడి చేయించావు. పాలిష్ కూడా పెట్టించావు. ఏమని చెప్పను?" అంది అక్క.

నాకు తల తీసేసినట్టయింది. పదిహేనేళ్ళు ఊళ్ళోవాళ్ళ మూటల పొడవూ వెడల్పూ ఎత్తూ కొలిచినవాణ్ణి, సొంత అక్క ఎత్తు కొలవలేదు. నా మనసు కష్టపెట్టడం ఇష్టంలేక ఆవిడ తన వేళ్ళు విరగ్గొట్టుకుంది. ఏడుపొచ్చింది గానీ వడ్రంగి దుప్పటిలో నిలబడి ఉన్నాడు, ఆయన ముందు ఏడిస్తే బాగుండదు.

బల్లను వాకిట్లోకి మోసి తిరగేశాం. వడ్రంగి ఇంటికి కబురు పెట్టి రంపం తెప్పించాడు. అక్కను చెయ్యి కిందికి వేలాడేసి పిడికిలి బిగించి నిలబడమని, పిడికిలి ఎత్తు కొలుచుకుని, నాలుగు కాళ్ళ మీదా గీతలు పెట్టాడు. జానెడు పోతుంది. ఈ తప్పు నాది, నేనే కోస్తాను అని రంపం లాక్కున్నాను. ఆయన వద్దన్నా వినలేదు. చెమటలు కారుతుండగా మొదటి కాలు కోసి, తెగిన ముక్క చేత్తో పైకెత్తి చూపించాను. వడ్రంగి ఆ ముక్క చూసి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. నేను కోసింది ఆయన గీత మీద కాదు, పక్కన ఎప్పటిదో పాత గీత మీద. రెండు వేళ్ళ మందం ఎక్కువ పోయింది. ఒక కాలు పొట్టిదయ్యాక మిగతా మూడూ దాని దారికే రావాలి కదా, ఆయన రంపం నా చేతుల్లోంచి తీసుకుని, నా వైపు చూడకుండా మూడింటినీ అంతే పొట్టిగా కోశాడు.

రంపం చప్పుడుకి బావ లేచి గుమ్మంలోకొచ్చాడు. నూనె కారుతున్న వడ్రంగిని, కాళ్ళు ఆకాశానికి పెట్టిన బల్లను, పొట్టు రాలిన నా తలను వరసగా చూశాడు. పార్సిల్ చేస్తున్నారా అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళి పడుకున్నాడు.

బల్ల లోపల పెట్టాం. నేను గోడకు అతుక్కుపోయి నిలబడ్డాను. అక్క గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికొచ్చింది. ఆవిడవి మందపాటి చెప్పులు, పనిచేసేటప్పుడు మాత్రం ఒట్టికాళ్ళే. వాకిట్లో కొలత తీసింది చెప్పులతో. వచ్చి బల్ల పక్కన నిలబడి చెయ్యి వేలాడేసింది. పిడికిలి సరిగ్గా బల్లకు ఆనింది. వడ్రంగి వంగి చూసి, ఆవిడ చెప్పులు చూసి, నన్ను చూశాడు. నేను ఎక్కువ కోసిన రెండు వేళ్ళూ సరిగ్గా ఆ చెప్పుల మందం.

ఆయన్ని మళ్ళీ పడుకోబెట్టి, అక్క మోచేతికీ మణికట్టుకీ మధ్య భాగం ఆయన వీపు మీద ఆనించి, మెల్లగా ముందుకు వాలింది. వాలి అలాగే ఉండిపోయింది. తల తిప్పి నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేను.

"ఒరేయ్, ఇది లాండ్రీ బల్ల ఎత్తురా" అంది.

పందొమ్మిదేళ్ళు ఆవిడ ఇస్త్రీ పెట్టె మీద అలాగే వాలింది. బరువు ఎక్కడ వెయ్యాలో, ఎక్కడ తీసెయ్యాలో ఒంటికి తెలుసు. వడ్రంగి వీపు మీద ఈ చివర నుంచి ఆ చివరకు, కాలరు దగ్గర ఒకసారి ఆగి, మళ్ళీ కిందికి. కంతలోంచి అబ్బ అని ఒక మూలుగు వినిపించింది, ఆ తరవాత లోపలి గదిలో బావ గురకకు జతగా ఇంకో గురక. నేను ఊరుకోవచ్చు కదా, చూశావా నా లెక్క అన్నాను. అక్క తడి తువ్వాలు నా ముఖాన విసిరింది.

ఆ రోజునుంచి రోజుకు అయిదు, ఆరు, ఒక ఆదివారం ఏడు. బొటనవేళ్ళకు పనే లేదు. ముంజేతులూ మోచేతులూ చూసుకున్నాయి. అక్క పనిచేస్తూ కూనిరాగాలు తీసేది, డ్రైవర్లు పడుకునే తాళం వేసేవారు. నలభై వీపుల ఫ్రిజ్ గురించి మాట్లాడటం మొదలుపెట్టిందీ అప్పుడే. మొదటి రెండు నెలల్లో మిగిలిందంతా మందులకూ ఇంటికీ ఎప్పుడో ఊడ్చుకుపోయింది కాబట్టి, ఆ అరవై ఈ నెలలోనే పుట్టాలి. రోజూ డబ్బా తెరిచి వీపులు లెక్కపెట్టేవాళ్ళం. ముప్పై అయ్యాయి, నలభై అయ్యాయి. యాభై దాటిన రోజు మా ఆవిడ సంతోషం పట్టలేక ఆ చెప్పులు తొడుక్కుంది.

వాయిదా రోజు డబ్బాలో యాభై తొమ్మిది ఉన్నాయి. మూడు గంటలకు గుంతల రోడ్డు డ్రైవరు రావాలి, అదే అరవయ్యోది. సొసైటీ కిటికీ అయిదింటికి మూస్తారు. నేను ఆఫీసుకు సగం రోజు సెలవు పెట్టి అక్క ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. మూడుంబావుకు ఫోనొచ్చింది. బస్సు ఊరి అవతల ఆగిపోయింది, మెకానిక్ కోసం చూస్తున్నాం, ఇవాళ రాలేను అన్నాడు. మిగతా డ్రైవర్లంతా డ్యూటీలో ఉన్నారు.

నేను పర్సు తీశాను. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"జీతంలో కోస్తే ఏంటి, జేబులోంచి తీస్తే ఏంటి? ఊరికే ఇస్తే కోతే" అంది. తరవాత ఒక అడుగు వెనక్కి వేసి, తలనుంచి కాలిదాకా నన్ను చూసింది. "పని చేయించుకుని ఇస్తే మాత్రం కూలి. చొక్కా విప్పు."

 ఆఫీసన్నాను, జలుబన్నాను. చిన్నప్పుడు నీకు సబ్బు రాసింది నేనేరా, నీ చక్కిలిగిలి నాకు తెలీదా అంది. ఇంక దాచడానికేముంది. పడుకుని కంతలో ముఖం పెట్టాను. నూనె చెయ్యి వీపు మీద పడగానే నాలోంచి కోడిపిల్ల అరిచినట్టు ఒక శబ్దం వచ్చింది. తరవాత నవ్వు. ఆపుకుందామంటే ఇంకా తన్నుకొచ్చింది. బల్ల నాలుగు పొట్టి కాళ్ళూ నేల మీద టకటకలాడాయి. లోపల గురక ఆగిపోయి, ఎవరికేమైందని బావ అడిగాడు. తమ్ముడికి ఒళ్ళు పడుతున్నా, వాయిదా కోసం అని అక్క చెప్పింది. బావ నవ్వడం మొదలుపెట్టాడు. అక్కకూ నవ్వొచ్చింది. ముగ్గురం రెండు గదుల్లో ఊపిరాడకుండా నవ్వుతున్నాం, గడియారం మూడున్నర దాటింది.

"వేళ్ళకే చక్కిలిగిలి. బరువుకి ఉండదు, చూడు" అంటూ అక్క ముంజెయ్యి నా కుడి భుజం మీద ఆనించి వాలింది. నిజంగానే నవ్వు ఆగిపోయింది. ఆ బరువు మెల్లగా లోపలికి దిగి ఒకచోట అడ్డుపడింది. అక్క అక్కడే ఆగింది.

"ఇదేంట్రా, రాయిలా? ఎన్నాళ్ళనుంచి?"

"జామీను సంతకం పెట్టినప్పట్నుంచి."

 "మరి చెప్పవేం?" అంది.

"నువ్వు బల్ల గురించి చెప్పావా?"

ఆవిడ ఇంకాస్త వాలింది. భుజంలో ఆ రాయి ముందు నొప్పెట్టింది, తరవాత వెచ్చబడింది, తరవాత ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. నాకు కళ్ళవెంట నీళ్ళు కారి కంతలోంచి టపటప నేల మీద పడుతున్నాయి. నవ్వినందుకు వచ్చినవో, మరెందుకొచ్చినవో నేను లెక్కకట్టలేదు. ఆ తడి నేల మీద, సరిగ్గా నా కళ్ళ ముందు, మా అక్క పాదాలు రెండూ ఉన్నాయి. మడమలు రెండూ నేలకు ఆని ఉన్నాయి. వాటినే చూస్తూ మిగతా గంటంతా పడుకున్నాను.

లేచి డబ్బిచ్చాను. కావాలనే ఒక నోటు ఎక్కువ పెట్టాను. అక్క లెక్కపెట్టి, ఆ నోటు తిరిగి నా జేబులో కుక్కి, చెప్పులేసుకుని నాకంటే ముందు వీధిలోకి దిగింది. పదిహేను నిమిషాల దారి పదకొండు నిమిషాల్లో నడిచాం. సొసైటీ కిటికీ ఇంకా తెరిచే ఉంది. అక్క డబ్బా బోర్లించి కట్ట లోపలికి తోసింది. అక్కడి గుమస్తా లెక్కపెట్టి, రసీదు రాసి, ముద్ర వేసి ఇచ్చాడు. అక్క ఆ రసీదును రెండు చేతులతో పట్టుకుని చదువుకుంది. ఇంకా ఆరువందల అరవై ఉన్నాయనుకోండి, కానీ ఆ ముఖం చూస్తే అప్పు ఇచ్చినదానిలా ఉంది గానీ తీసుకున్నదానిలా లేదు.

గుమస్తా కళ్ళజోడు పైనుంచి నన్ను చూశాడు. నా చొక్కా గుండీలు ఒకదానికి ఒకటి తప్పాయి, జుట్టంతా నూనె, ముఖం మీద గుండ్రంగా కంత అచ్చు. వాయిదా మీరే కట్టారుగా, జామీనుదారు కూడా రావాలని ఎవరన్నారు అని అక్కను అడిగాడు.

"జామీనుగా రాలేదండీ" అంది మా అక్క. "వీడు అరవయ్యో వీపు."